యుద్ధం చేస్తున్న దేశంతో కలిసి సైన్స్ చేయొచ్చా? ఆపేసిన వాళ్లలో నేనూ ఉన్నాను

యుద్ధానికి దిగిన దేశంలోని శాస్త్రవేత్తలతో మిగతా దేశాలు కలిసి పనిచేయడం ఆపేయాలా, కొనసాగించాలా అన్నది ప్రశ్న. నా జవాబు ముందే చెప్పేస్తాను. ప్రభుత్వాలతో, సంస్థలతో ఉన్న ఒప్పందాలు ఆపేస్తే నాకు అభ్యంతరం లేదు. మళ్లీ తీసుకోవడానికి వీలుకాని కొలతలు మాత్రం ఆపకూడదు.

2021లో జర్మనీలో పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగంలో, చేరాను. సైబీరియాలో ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న నేల, అంటే పర్మాఫ్రాస్ట్, కరుగుతుంటే అందులోంచి ఎంత మీథేన్ (కార్బన్ ఉన్న, భూమిని వేడెక్కించే గ్యాస్) బయటికి వస్తోందో లెక్కగట్టే పని. చిత్తడి నేల మధ్యలో ఒక టవర్, దాని మీద గాలి వేగాన్నీ గాలిలోని గ్యాస్‌నీ సెకనుకి పదిసార్లు కొలిచే పరికరాలు. ఉత్తరాది పర్మాఫ్రాస్ట్ నేలల్లో ఉన్న కార్బన్ ఇప్పుడు మొత్తం వాతావరణంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు, ఆ నేలలో పెద్ద వాటా రష్యాదే. అలాస్కాలో, కెనడాలో ఎన్ని టవర్లు కట్టినా ఆ లోటు తీరదు.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద పూర్తి స్థాయి యుద్ధం మొదలుపెట్టింది. మర్నాడే జర్మనీలోని ప్రధాన శాస్త్ర సంస్థలన్నీ కలిసి రష్యా ప్రభుత్వ సంస్థలతో పనులు వెంటనే నిలిపేయాలని ప్రకటన ఇచ్చాయి. మాకు ఒక పొట్టి మెయిల్ వచ్చింది: డేటా తీసుకోవద్దు, పరికరాలు పంపొద్దు, కలిపి పేపర్లు రాయొద్దు. ఆ వేసవికి పంపాల్సిన కాలిబ్రేషన్ గ్యాస్ సిలిండర్లు, అంటే పరికరం సరిగ్గా కొలుస్తోందో లేదో సరిచూసుకునేవి, మా స్టోర్ గదిలోనే ఉండిపోయాయి. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు ఆ నిర్ణయం సరైనదే అనిపించింది, ఎందుకంటే మా గదిలో నా పక్క టేబుల్ ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నుంచి వచ్చిన సహోద్యోగిది, వాళ్లమ్మ అప్పుడు బేస్‌మెంట్‌లో దాక్కుని ఉంది, ఆ సహోద్యోగి ఫోన్ మోగినప్పుడల్లా గదిలో అందరం పని ఆపేసి ఆవిడ మొహమే చూసేవాళ్లం. కొన్ని రోజులకి ఖార్కివ్‌లోని ఫిజిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న న్యూట్రాన్ సోర్స్ (పరిశోధన కోసం న్యూట్రాన్లను పుట్టించే కేంద్రం) మీద కూడా షెల్స్ పడ్డాయి. అదే మార్చిలో రష్యా యూనివర్సిటీల రెక్టార్లు, అంటే వాటి అధిపతులు, వంద మందికి పైగా యుద్ధానికి మద్దతుగా లేఖ విడుదల చేశారు. "వీళ్లతోనా నువ్వు పేపర్ రాసేది?" అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ వేలాది రష్యన్ శాస్త్రవేత్తలు కూడా సంతకాలు పెట్టారు కదా అన్నాను. "వాళ్లెవరూ సంస్థలు నడపట్లేదుగా" అంది. అదీ నిజమే.

వేసవి గడిచాక అసలు సమస్య అర్థమైంది. మా పనిలో గ్యాప్ ఫిల్లింగ్ అని ఒకటుంటుంది. పరికరం రెండు రోజులు పాడైతే ముందూ వెనకా ఉన్న కొలతల్ని బట్టి మధ్యలోది అంచనా వేసి నింపుతాం. రెండు రోజులైతే సరే, ఒక వేసవి మొత్తాన్ని అలా నింపితే అది కొలత కాదు, కథ. ఫిజిక్స్‌లో కణాల ప్రయోగం ఈ ఏడు ఆగితే వచ్చే ఏడు చేసుకోవచ్చు. 2022 జులైలో ఆ నేల ఏం వదిలిందో 2030లో వెళ్లి కొలవలేం. రోగాల నిఘా, భూకంపాల నమోదు, సముద్రాల వేడి, ఇవన్నీ ఇదే కోవలోకి వస్తాయి. ఇక రాకెట్లు, డ్రోన్లు, చిప్స్ లాంటివి ఆపేయాల్సిందే, అందులో చర్చే అక్కర్లేదు.

మశూచి సంగతే చూడండి. దాన్ని ప్రపంచమంతటా నిర్మూలిద్దామని 1958లో ప్రపంచ ఆరోగ్య సభలో ప్రతిపాదించింది సోవియట్ ప్రతినిధి విక్టర్ ఝ్దానోవ్. 1967లో జోరు పెరిగిన కార్యక్రమాన్ని నడిపించింది అమెరికన్ డొనాల్డ్ హెండర్సన్, టీకాలు భారీగా విరాళమిచ్చింది సోవియట్ యూనియన్. అప్పుడు వియత్నాంలో అమెరికా సైన్యం పోరాడుతోంది, అవతలి పక్షానికి ఆయుధాలు ఇస్తున్నది సోవియట్లే. అయినా పని ఆగలేదు, 1980లో మశూచి పోయిందని ప్రకటించారు. అన్నట్టు, ఈ ప్రశ్న అడిగేటప్పుడు యుద్ధం చేసే దేశం అనగానే మన మనసులో ఎప్పుడూ వేరేవాళ్లే ఉంటారు. 2003లో ఇరాక్ మీదికి వెళ్లినందుకు అమెరికా యూనివర్సిటీలతో యూరప్ ఇలా తెగదెంపులు చేసుకోలేదు.

పూర్తిగా వెలివేయడాన్నీ ప్రపంచం ఒకసారి చూసింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1919లో పెట్టిన అంతర్జాతీయ పరిశోధన మండలిలోకి జర్మన్లను రానివ్వలేదు. 1926లో ఇక రండి అని పిలిస్తే జర్మన్లే రాలేదు. తలుపు మూయడం సులువే, తెరిచాక అవతలివాళ్లు వస్తారనే గ్యారంటీ ఏమీ లేదు.

జెనీవా దగ్గరున్న యూరప్ కణ భౌతిక పరిశోధన కేంద్రం సెర్న్ వాళ్లు మధ్యే మార్గం వెతికారు. రష్యాతో ఒప్పందాన్ని 2024 నవంబర్ 30తో ముగించారు గానీ రష్యాలోనే దుబ్నాలో ఉన్న, పలు దేశాలు కలిసి నడిపే అణు పరిశోధన సంస్థతో ఒప్పందాన్ని ఉంచుకున్నారు. అంతకుముందు పేపర్ల మీద రష్యన్ సంస్థల పేర్లు వేయాలా వద్దా అని నెలల తరబడి తర్జనభర్జన పడి, చివరికి మనుషుల పేర్లు ఉంచి, సంస్థ పేరు బదులు సెర్న్‌తో ఒప్పందం ఉన్న సంస్థ అని మాత్రం రాశారు. చదివినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత మాకూ అదే పరిస్థితి వచ్చింది.

పాత డేటాతో పేపర్ పూర్తి చేయడానికి అనుమతి దొరికింది. సైబీరియాలో టవర్‌ని చూసుకునే ఇద్దరు రష్యన్ల పేర్లు వేద్దామన్నాను. ఖార్కివ్ సహోద్యోగి చాలాసేపు ఆలోచించి, "మనుషుల పేర్లు వెయ్యి, సంస్థ పేరు కనబడకూడదు" అంది. అంతకంటే ఎక్కువ అడిగే హక్కు నాకు లేదనుకున్నాను. ఇద్దరికీ మెయిల్ పెట్టాను. ఒకాయన సరే అన్నారు. రెండో ఆయన తన పేరు తీసేయమన్నారు. సైబీరియాలోని నోవోసిబిర్స్క్ నగరంలో హైపర్‌సోనిక్ (ధ్వని కంటే ఎన్నో రెట్లు వేగంగా ఎగరడం గురించిన) పరిశోధకులు ముగ్గుర్ని 2022, 23ల్లో దేశద్రోహం కేసులో అరెస్టు చేశారు, విదేశీయులతో పంచుకున్న సమాచారం చుట్టూ తిరిగిన కేసు అది. మా మీథేన్‌కీ దానికీ సంబంధం లేదు, కానీ ఆ భయం ఉన్న మనిషికి సబ్జెక్ట్ వేరు కదా అని చెప్పి ఏం లాభం? సహకారం కొనసాగించాలని ఇక్కడ కూర్చుని నేను వాదించేటప్పుడు, దాని రిస్క్ ఎవరి మీద పడుతుందో అప్పటిదాకా ఆలోచించలేదు. అడగకుండా పేరు వేసి ఉంటే ఏమయ్యేదో.

ఆయన పేరు తీసేశాం. అదే మెయిల్ చివర ఒక వాక్యం రాశారు: టవర్ నడుస్తోంది, ఫైళ్లన్నీ హార్డ్ డిస్క్‌లో దాస్తున్నాను, కాలిబ్రేషన్ ఎంత తప్పుతోందో తెలీదు.