కణం వదిలిందా, కణమే ఊడిందా?

బంగారూ,

ఎఫ్లక్స్ ప్రయోగం, అదే కణాల్లోంచి కొలెస్ట్రాల్ ఎంత బయటికొస్తుందో కొలిచేది, రేపే అన్నావు. రాత్రి ఫోన్‌లో నీ టెన్షన్ విన్నాక నిద్ర పట్టక రాస్తున్నాను. పొద్దున తార్నాకలో మెట్రో ఎక్కాక చదువుకో.

ముందు ఏబీసీఏ1ని, అంటే కణం పొరలో ఉండి కొలెస్ట్రాల్‌ని బయటికి పంపే ప్రొటీన్‌ని, తలుపు అనుకోవడం మానెయ్యి. కొలెస్ట్రాల్‌కి పొరలో ఇటునుంచి అటు దొర్లడం పెద్ద కష్టమేం కాదు. కష్టమంతా పొర వదిలి నీళ్లలోకి రావడమే. పప్పుచారు మీద తేలే నూనెను గరిటెతో ఎంత తిప్పినా మళ్లీ ఒకచోటికే చేరుతుంది కదా. అందుకే ఈ ప్రొటీన్ కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుపెట్టి, పొరలోని ఫాస్ఫోలిపిడ్లనే కొవ్వులతోపాటు కొలెస్ట్రాల్‌ని బయటున్న ఏపోఏ-1 అనే మోసే ప్రొటీన్‌కి అందేలా చేస్తుంది. మంచి కొలెస్ట్రాల్ అంటామే, ఆ హెచ్‌డీఎల్ పుట్టుక అక్కడే. (1929లో ఏటీపీని కనిపెట్టినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. మీ గైడ్‌ది గోదావరి జిల్లా అయితే ఈ ముక్క చెప్పు, టీ ఇప్పిస్తాడు.) ఏబీసీఏ1 జీన్ చెడితే వచ్చేదే టాంజియర్ జబ్బు అని 1999లో తేలింది. టాన్సిల్స్ నారింజరంగుకు తిరుగుతాయి, రక్తంలో హెచ్‌డీఎల్ దాదాపు ఉండదు.

ఇక నీ ప్లేటు సంగతి. నీవి ఎలుక జే774 కణాలు కాబట్టి సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత రసాయనం ఇవ్వందే ఏబీసీఏ1 సరిగా రాదు. ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) గుర్తున్న కొలెస్ట్రాల్‌ని కణాలకి పట్టించాక సీరం మిగలకుండా కడుగు. సీరంలో హెచ్‌డీఎల్ ఉంటుంది, అది ఏబీసీజీ1 అనే ఇంకో ప్రొటీన్ లాంటి వేరే దారుల్లో కూడా కొలెస్ట్రాల్‌ని లాగేస్తుంది. అప్పుడు నువ్వు కొలిచేది ఏబీసీఏ1 ఒక్కదాని పనితనం కాదు. ఏపోఏ-1 వెయ్యని వెల్స్ (ప్లేటులోని గుంటలు) మూడైనా ఉంచి, వాటిలో వచ్చింది తీసెయ్యి.

కడగడం అన్నాను కదా, నేను బోర్లాపడింది అక్కడే. ఒకసారి నా లెక్క అద్భుతంగా వచ్చింది. రెండు రోజులు ల్యాబంతా గొప్పలు చెప్పుకున్నా. మూడో రోజు ప్లేటు మైక్రోస్కోప్ కింద పెడితే వెల్ మధ్యలో బట్టతల! పిపెట్ సూటిగా కొట్టడంతో కణాలు ఊడి మీడియంలో, అంటే వాటి పైనుండే ద్రవంలో, తేలాయి. వాటి లోపలున్న కొలెస్ట్రాల్‌నే బయటికొచ్చినట్టు లెక్కేశాను. అందుకని పిపెట్ కొనను వెల్ గోడకు ఆనించి మెల్లగా వదులు. రేడియోధార్మికతని లెక్కించే కౌంటర్‌లో పెట్టేముందు మీడియంని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైనీళ్లే తీసుకో.

ఆదివారం వచ్చేటప్పుడు పర్సెంటేజీలు తేకు. మీడియం కౌంట్లు, కణాల కౌంట్లు విడివిడిగా రాసి పట్రా.

పెద్దమ్మ