సీసా రాకెట్ ఎగరేసే ముందు

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు డాబా మీద రాకెట్ కడుతోంది, కాస్త గడ్డి పెట్టు" అంది. గొంతులో సగం బెంగ, సగం మురిపెం. నాదీ అదే సంగతి. సూళ్లూరుపేటలో పుట్టి, షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) నుంచి ఏది లేచినా అన్నం కంచం వదిలేసి డాబా ఎక్కే పిల్లకి ఈ బుద్ధి పుట్టకపోతేనే వింత. అందుకని మానెయ్యమని రాయను. ఎలా చెయ్యాలో రాస్తాను, మొత్తం చదివాకే పని మొదలుపెట్టు.

ముందు ఒక్క మాట, దీని మీద బేరాల్లేవు. దీపావళి టపాకాయలు విప్పి ఆ మందు గొట్టంలో కూరడం, రసాయనాలు తెచ్చి ఇంట్లో మందు కలపడం, ఇవి నీ దరిదాపుల్లోకి రాకూడదు. నీ రాకెట్‌కి నీళ్లూ గాలీ చాలు. ఇది పిల్లల ఆట అని మూతి ముడవకు. కొంత నీళ్లు పోసి పంపుతో గాలి కొడితే, 50 పీఎస్ఐ (టైర్ల గాలి కొలిచే లెక్కే) ఒత్తిడి దగ్గర రెండు లీటర్ల సీసా మూతి నుంచి నీళ్లు సెకనుకి దాదాపు 26 మీటర్ల వేగంతో తన్నుకొస్తాయి. మొదటి క్షణంలో సీసాని పైకి తోసే బలం పాతిక కిలోలు. లోపలున్న నీళ్లన్నీ సెకనులో పదో వంతులో ఖాళీ! 1926 మార్చి 16న అమెరికాలోని ఆబర్న్‌లో రాబర్ట్ గొడార్డ్ అనే శాస్త్రవేత్త ఎగరేసిన మొట్టమొదటి ద్రవ ఇంధన రాకెట్ లేచింది 41 అడుగులే, రెండున్నర సెకన్లకే క్యాబేజీ మడిలో పడింది. నీ సీసా సరిగ్గా కుదిరితే ఆ ఎత్తు దాటుతుంది.

సీసా దగ్గరే సగం మంది తప్పటడుగు వేస్తారు. కూల్‌డ్రింక్ సీసాయే కావాలి, అడుగున అయిదు బుడిపెలుండేది. మంచినీళ్ల సీసా పనికిరాదు, దాని గోడ పల్చన, గ్యాస్ ఒత్తిడి కోసం చేసింది కాదు. పెళ్లి ఫంక్షన్ అయిన మర్నాడు వెళ్తే కావలసినన్ని దొరుకుతాయి, కానీ ఎండలో పడి ఉన్నవి ఏరకు. వెలుతురుకి పట్టి తిప్పి చూడు. సొట్ట, గీత, నొక్కుకుపోయి తెల్లబడిన మచ్చ ఏది కనిపించినా అది మొక్కల కుండీకి. ఒత్తిడి పట్టే సీసా ఒకటి, కోసుకోడానికి ఇంకో రెండు తెచ్చుకో.

ఆ ఒత్తిడి పట్టే సీసాకి గ్లూ గన్ తగలనివ్వకు. పెట్ ప్లాస్టిక్ 70, 75 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, గన్‌లోంచి వచ్చే జిగురు అంతకు రెట్టింపు వేడి. రెక్క గట్టిగానే అంటుకుంటుంది, దాని కింద గోడ మాత్రం చచ్చిపోతుంది. జిగురు బాగా పడుతుందని గరుకు కాగితంతో రుద్దినా అంతే. మరి రెక్కలెలా అంటావా? రెండో సీసా నడుం కోస్తే గాజులా ఒక పట్టీ వస్తుంది. రెక్కలు దానికి అతికించి, చల్లారాక ఆ పట్టీని అసలు సీసాకి తొడిగి టేపు చుట్టు.

రెక్కలకి ఎన్నికల్లో మిగిలిన సన్‌ప్యాక్ (లోపల బోలుగా ఉండే ప్లాస్టిక్ అట్ట) బోర్డులు బంగారం. అంటుకునే అంచు 12 సెంటీమీటర్లు, బయటికి 8, అలాంటివి మూడు చాలు. మూతి వైపు, ఎంత కిందికి వీలైతే అంత కింద. మూడో సీసా మెడ కోసి అసలు సీసా అడుగు మీద బోర్లిస్తే ముక్కు అవుతుంది. దాని కొసన రబ్బరు బంతి పెట్టు, లోపల వంద గ్రాముల దాకా బంకమన్ను కూరు. రాళ్లూ మేకులూ వద్దు, పైనుంచి పడేది ఆ ముక్కే. బరువు పెడితే తక్కువ ఎగురుతుందని నీకు అనుమానం రావాలి, వస్తే సంతోషం. బరువు ముందుండి గాలి దెబ్బ వెనక తగిలితేనే రాకెట్ తిన్నగా పోతుంది, లేకపోతే గాల్లో పిల్లిమొగ్గలు వేస్తుంది. సరిచూడటం తేలిక. రాకెట్ ఆకారాన్ని అట్టమీద గీసి, కత్తిరించి, ఆ అట్ట వేలిమీద ఎక్కడ నిలుస్తుందో గుర్తుపెట్టు. తర్వాత అసలు రాకెట్‌ని, నీళ్లు లేకుండా, వేలిమీద నిలబెట్టు. రాకెట్ నిలిచే చోటు అట్ట నిలిచే చోటుకంటే ముక్కు వైపు కనీసం సీసా వెడల్పంత, అంటే 11 సెంటీమీటర్లు ముందుండాలి. ఆ చోట దారం కట్టి తల చుట్టూ గిరగిరా తిప్పు. ముక్కు ముందుకు పెట్టి తిరిగితే సరే, అడ్డంగా తిరిగితే మన్ను పెంచు.

ఇక లాంచరు, అంటే సీసాని నిలబెట్టి వదిలే పీఠం. అరంగుళం పైపులన్నీ ఒకటి కావు. సీసా మూతి లోపలి కొలత 22 మిల్లీమీటర్లకి ఒక పిసరు తక్కువ. ప్లంబింగ్‌కి వాడే మందపాటి యూపీవీసీ అరంగుళం పైపు బయటి కొలత 21.3, అది దిగుతుంది. 20 మిల్లీమీటర్ల పైపు వదులు. సీసా షాపుకి తీసుకెళ్లి, పెట్టి చూసి కొను, షాపువాడు నవ్వినా సరే. పైపు సీసా లోపలికి 20 సెంటీమీటర్లు పోవాలి, దాని కొస నీటి మట్టానికి పైన ఉండాలి. లేకపోతే నీళ్లు నీ గొట్టంలోకి దిగొస్తాయి. సీసా మూతి కూర్చునే చోట ఓ-రింగ్ (లీకు ఆపే రబ్బరు ఉంగరం) కోసం గాడి లేత్ మీద కోయించు. చేతిరంపంతో కోస్తే లోతు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వస్తుంది, లీకు అక్కడే పుడుతుంది.

సీసాని పట్టి ఉంచడానికి ప్లాస్టిక్ కేబుల్ టైలు పది, పన్నెండు పైపు చుట్టూ నిలువుగా పేర్చి కింద క్లాంపు బిగించు. వాటి తలలు సీసా మెడ దగ్గరి ఉంగరాన్ని పట్టుకోవాలి. ఆ తలల మీదుగా ఒక పెద్ద పైపు ముక్క, కాలర్ అనుకో, పైకి జరిపితే బందీ. కిందికి లాగితే తలలు విచ్చుకుంటాయి, సీసా పోతుంది. ఇదంతా ఒక బరువైన చెక్కకి బిగించాలి.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మ మాట విన్నప్పటి నుంచి నా కళ్ల ముందు ఆడుతున్నది ఇదొక్కటే. ఎగిరే రాకెట్ కాదు, ఎగరని రాకెట్.

మా తరం చేసిన తప్పు, నీ స్నేహితులూ రేపు చేయబోయే తప్పు ఇదే. గాలి 50 దాకా కొడతారు. తాడు లాగుతారు. కాలర్ కదలదు. ఇంకోసారి లాగుతారు. అప్పుడు ఒకడు "ఉండరా, నేను చూస్తా" అని వెళ్లి, దానిమీదికి వంగి, చేత్తో కాలర్ తిప్పుతాడు. మొహం సరిగ్గా ముక్కుకి పైన. పాతిక కిలోల బలంతో దూసుకొచ్చే వస్తువుకీ కంటికీ మధ్య జానెడు దూరం. ఇంట్లో చూసుకున్నప్పుడు అంత సాఫీగా జారిన కాలర్ మైదానంలో ఎందుకు బిగుసుకుంటుంది? గాలి లేనప్పుడు టైల తలల మీద బరువే లేదు. 50 దగ్గర, నీళ్లు ఇంకా బయటికి రాకముందే, సీసా 13 కిలోల బలంతో పైకి గుంజుతూ ఉంటుంది, తలలు పక్కకి విచ్చుకోవాలని కాలర్‌ని లోపలినుంచి ఒత్తుతాయి. ఒత్తిడి పెరిగే కొద్దీ పట్టు బిగుస్తుంది. పైగా తాడు ఒకవైపే కడితే కాలర్ ఒక పక్కకి వాలి, పాత బీరువా సొరుగులా అడ్డం పడుతుంది. అందుకని కాలర్‌కి ఎదురెదురుగా రెండు తాళ్లు కట్టి, కింద చెక్కకున్న కొక్కేల గుండా తెచ్చి, పది మీటర్ల దూరంలో ఒకే తాడుగా ముడివెయ్యి. లోపలి అంచుకి వాజలిన్ రాయి. ముందు 10 దగ్గర వదిలి చూడు, తర్వాత 20.

అయినా బిగుసుకుందనుకో. అప్పుడు దాని దగ్గరికి వెళ్లకుండానే గాలి తీసేసే దారి ముందే పెట్టుకుని ఉండాలి. లాంచరుకీ పంపుకీ మధ్య అయిదు మీటర్ల కంప్రెసర్ గొట్టం వెయ్యి, తోటకి నీళ్లుపట్టే గొట్టం కాదు. పంచరు షాపులో దొరికే ట్యూబ్‌లెస్ వాల్వ్‌ని లాంచరు దగ్గర పెట్టొద్దు. గొట్టానికి పంపు వైపు కొసన ఒక ఎండ్‌క్యాప్‌కి 11.5 మిల్లీమీటర్ల రంధ్రం చేసి అందులోకి లాగు. ఆ వాల్వ్‌కీ గొట్టానికీ నడుమ ఒక టీ (మూడు దారుల పైపు జాయింటు) పెట్టి బాల్ వాల్వ్, ఇంకో టీ పెట్టి ప్రెషర్ గేజి. గేజి అక్కడే ఎందుకంటే, ట్యూబ్‌లెస్ వాల్వ్ గాలిని లోపలికే పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. పంపు మీది ముల్లు సున్నా చూపించినా సీసాలో 50 అలాగే ఉండొచ్చు. పంపు ముల్లుని నమ్మి వెళ్లినవాడే దెబ్బ తినేది. బాల్ వాల్వ్ తెరువు, నీ గేజి సున్నాకి రానీ, ఇంకో నిమిషం ఆగు, అప్పుడు లే.

లీకు సంగతీ ఇంతే. ముల్లు మెల్లగా పడుతుంటే "గబగబా కొట్టి వదిలేద్దాం" అనిపిస్తుంది. 1979 ఆగస్టు 10న మీ ఊరి పక్కనుంచే లేచిన మొదటి ఎస్ఎల్‌వీ-3 (మన తొలి ఉపగ్రహ వాహక రాకెట్) ఎందుకు పడిందో నీకు తెలిసే ఉంటుంది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వ్ సరిగా మూసుకోక లోపలి ద్రవం కారిపోయింది. 317 సెకన్లకి మొత్తం బంగాళాఖాతంలో. మళ్లీ ఎగరేసి గెలిచింది 1980 జూలై 18న, దాదాపు ఏడాది తర్వాత. నీకు ఏడాది పట్టదు, ఓ-రింగ్ మార్చడానికి పావుగంట. గాలి తీసి, మార్చి, మళ్లీ కొట్టు.

ఇంకోటి, ఎగరేసే ముందే సీసా సత్తా చూడాలి. ఆ పరీక్ష గాలితో చెయ్యకూడదు. సీసాని గొంతు దాకా నీళ్లతో నింపి, లాంచరుకి బిగించి, గోనెసంచి కప్పి, దూరం నుంచి 80 దాకా కొట్టి అయిదు నిమిషాలు ఉంచు. నీళ్లు నొక్కుకుపోవు, వాటిలో దాగే శక్తి తక్కువ, సీసా పగిలినా చిమ్మి ఊరుకుంటుంది. అదే గాలితో పగిలితే బాంబు. ఈ పరీక్ష నెగ్గిన సీసాకి మైదానంలో హద్దు 60. సీసా పది, పన్నెండు సార్లు ఎగిరాక ఎంత కొత్తగా కనిపించినా తీసెయ్యి. పంచరు షాపు కంప్రెసర్‌తో గాలి పట్టొద్దు, కన్నుమూసి తెరిచేలోగా వంద దాటిస్తుంది. కాలితో తొక్కే పంపే మేలు.

నీళ్లు మూడో వంతు, అంటే 650 మిల్లీలీటర్లు. ఎక్కువ పోస్తే గాలికి చోటు తగ్గి ఊపు చాలదు, తక్కువైతే తోయడానికి సరుకుండదు. సీసాని నిటారుగా పట్టుకుని, లాంచరుని తలకిందులుగా అందులోకి దించి, కాలర్ ఎక్కించి, రెండూ కలిపి తిప్పు. మొదట 30 దగ్గర వదులు.

కోతలైన మడి చూసుకో, కరెంటు తీగలకి దూరంగా. పొద్దున్నే, గాలి లేవకముందు. ఒకవేళ తీగల మీద పడిందా, అది ఇక నీది కాదు, కర్రతో కూడా ముట్టకు. పారాచూట్ గోల ఇప్పుడే వద్దు, అయిదుసార్లు తిన్నగా ఎగిరాక చెత్త సంచితో కుడదాం.

రెండు జతల వెల్డింగ్ షాపు తెల్ల కళ్లద్దాలు బస్సు పార్శిల్లో వేశాను, ఒకటి నీకు, ఒకటి పంపు కొట్టేవాడికి. మీ అమ్మకి పదిహేను మీటర్ల అవతల కుర్చీ వెయ్యి, లెక్క ఆవిడ చేతే పెట్టించు, పది నుంచి కిందికి. ఒకటి దగ్గర గొంతు వణుకుతుంది, నవ్వకు.

మీ మావయ్య