తెల్లవారుజామున పసరు వాంతులు

ప్రశ్న: మా పామరేనియన్‌కు నాలుగేళ్లు, బరువు నాలుగున్నర కిలోలు. ఆడది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. రెండు నెలలుగా వారానికి మూడు నాలుగుసార్లు వాంతి చేసుకుంటోంది. ఎక్కువగా తెల్లవారుజామునే, పసుపచ్చటి నురగ. ఒక్కోసారి తిన్న అన్నం కూడా వస్తుంది. కాసేపటికి మామూలుగానే ఆడుకుంటుంది. పొద్దున తొమ్మిదికి, రాత్రి ఏడుకి పెరుగన్నమో సాంబారన్నమో పెడతాం. మనుషుల వాంతుల మాత్ర సగం వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: మాత్ర వేయకండి. పేగులో ఏదైనా అడ్డుపడి ఉంటే, మాత్ర వాంతిని ఆపుతుంది గానీ అడ్డును తీయదు. మీరు తగ్గిందనుకునేలోపు లోపల పేగు పాడవుతుంది.

ముందు అది వాంతేనా కాదా చూడండి. వాంతికి ముందు కుక్క పెదవులు నాక్కుంటుంది, చొంగ కారుస్తుంది, డొక్కలు ఎగరేస్తూ కక్కుతుంది. ఏ ప్రయాసా లేకుండా తల వంచగానే తిన్నది తిన్నట్టే జారిపడితే తేడా అన్నవాహికలో ఉంది. పామరేనియన్లలో ఇంకో తిరకాసు ఉంది. వీటికి శ్వాసనాళం మెత్తబడి అణగిపోవడం ఎక్కువ. బాతు అరిచినట్టు దగ్గి దగ్గి చివర్లో కాస్త తెల్లనురగ ఉమ్ముతాయి. ఇంట్లోవాళ్లు దాన్నీ వాంతే అంటారు, డాక్టరుకీ అలాగే చెబుతారు. దాంతో దగ్గుకు కడుపు మందులు నడుస్తుంటాయి. ఫోన్‌లో వీడియో తీసి చూపిస్తే ఈ గందరగోళం ఉండదు.

మీరు చెప్పిన వేళలను బట్టి చూస్తే ఖాళీ కడుపు మీదే మొదటి అనుమానం. రాత్రి ఏడు నుంచి పొద్దున తొమ్మిది దాకా పద్నాలుగు గంటలు. అంతసేపు కడుపులో ఏమీ లేకపోతే చిన్నపేగులోని పసరు వెనక్కి ఎగదన్ని కడుపు గోడను మండిస్తుంది. తెల్లవారుజామున వచ్చే పసుపు నురగ అదే. రోజుకు పెట్టే తిండిని పెంచకుండా నాలుగు భాగాలు చేయండి. ఆఖరి భాగం రాత్రి పదిన్నర, పదకొండుకి, మొదటిది పొద్దున ఆరింటికల్లా పెట్టండి. కారణం ఇదే అయితే వారం పది రోజుల్లో తేడా తెలుస్తుంది.

సాంబారన్నం మాత్రం ఈరోజే మానేయండి. ఉల్లిపాయ కుక్క రక్తకణాలను పగలగొడుతుంది, ఉడికించినా ఆ గుణం పోదు. కుక్క బరువులో కిలోకు 15 గ్రాములు చాలు, మీ కుక్కకు 70 గ్రాముల లోపే. అంటే ఒక మామూలు ఉల్లిపాయ. వెల్లుల్లీ అదే కోవలోది. మాంసం కొవ్వు, బిరియానీ అడుగు, నెయ్యి కలిపిన ముద్దలు క్లోమగ్రంథికి వాపు తెస్తాయి. అలాంటప్పుడు కుక్క ముందుకాళ్లు నేలకు ఆనించి వెనకభాగం పైకెత్తి నిలబడుతుంది. అది కడుపునొప్పి, ఒళ్లు విరుచుకోవడమని పొరబడకండి.

ఆపరేషన్ కాలేదన్నారు కాబట్టి ఎద ఎప్పుడైందో గుర్తు చేసుకోండి. ఎద అయ్యాక నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో గర్భసంచిలో చీము పడితే వాంతులు, నీరసం, విపరీతమైన దాహం ఉంటాయి. చీము బయటికి రాకుండానే ముదరొచ్చు. ఈ లక్షణాలుంటే అదే రోజు స్కానింగ్ చేయించాలి.

వేళలు మార్చినా తగ్గకపోతే ఊరుకోవద్దు, రెండు నెలలంటే తక్కువేం కాదు. రక్తకణాల లెక్క, కిడ్నీ, లివర్, క్లోమం పరీక్షలు, మల పరీక్ష, పొట్ట స్కానింగ్ కావాలి. ఒంటి మీద పిడుదులు కనిపించి ఉంటే ఆ మాటా చెప్పండి, వాటివల్ల వచ్చే జ్వరాలు చెన్నైలో మామూలే. వేపేరిలోని మద్రాసు వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి మీకు దగ్గరే.

వాంతి అయిన రోజు ఆరు గంటలు తిండి ఆపి, అరగంటకోసారి రెండు చెంచాల నీళ్లు పట్టండి. గిన్నె ముందు పెడితే గటగటా తాగి మళ్లీ కక్కుతుంది. తర్వాత తోలూ ఎముకా లేని ఉడికించిన కోడిమాంసం ఒక వంతు, మెత్తటి అన్నం రెండు వంతులు, ఉప్పూ కారం లేకుండా, కొంచెం కొంచెంగా పెట్టండి. చిగురును వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు మళ్లీ ఎర్రబడాలి. ఆలస్యమైనా, వాంతిలో రక్తం కనిపించినా, నీళ్లు కూడా నిలవకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంత చిన్న ఒంట్లోంచి పావు లీటరు నీరు పోయినా పెద్ద లోటే.

ప్రశ్న: మా డాష్‌హుండ్ నిన్న బంగినపల్లి టెంక మింగేసింది. ఉప్పునీళ్లు పోసి కక్కించమంటున్నారు.
– వేళచ్చేరి

జవాబు: పోయకండి. ఉప్పు ఎక్కువైతే మెదడుకే ప్రమాదం. పైగా ఆ సైజు టెంక పైకి వస్తూ గొంతులో ఇరుక్కోవచ్చు. రెండు మూడు రోజులు బాగానే ఉండి, టెంక కడుపులోంచి పేగులోకి దిగాక వాంతులు మొదలయ్యే కేసులున్నాయి, కాబట్టి హుషారుగా ఉందని నిశ్చింతగా ఉండొద్దు. టెంక ఎక్స్‌రేలో స్పష్టంగా కనబడకపోవచ్చు, స్కానింగ్ కూడా అడగండి. కడుపులోనే ఉంటే ఎండోస్కోపీతో తీసే అవకాశం ఉంది. పేగులోకి దిగి ఇరుక్కుంటే ఆపరేషనే.

ప్రశ్న: రెండున్నర నెలల షిట్జూ పిల్ల. ఒకే టీకా అయింది. నిన్నటి నుంచి వాంతులు, నీళ్ల విరేచనాలు. ఒకపూట పస్తు పెట్టమంటారా?
– అంబత్తూరు

జవాబు: పస్తు పెద్ద కుక్కలకే. ఈ వయసు పిల్లకు కొన్ని గంటల్లోనే రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్స్ రావచ్చు. చిగుళ్లకు కాస్త తేనె రాసి ఇప్పుడే తీసుకెళ్లండి. పార్వో అనే వైరస్ జబ్బు కాదని తేలేదాకా అదే అనుకోవాలి. మలంతో చేసే కిట్ పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది. పార్వో టీకా ఒక్క డోసుతో సరిపోదు, పదహారు వారాల వయసు దాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి. ఇంట్లో ఫినాయిల్‌తో తుడిస్తే ఈ వైరస్ చావదు. బ్లీచ్ ద్రావణం ఒక పాలు, నీళ్లు ముప్పై పాళ్లు కలిపి, నేలను ముందు మామూలుగా కడిగి, ఆ తర్వాత దీన్ని పోసి పది నిమిషాలు ఉంచండి.