కొత్త ఆర్‌ఎస్ పక్కన పాత ఆర్‌ఎస్: యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

స్కోడా ఆక్టేవియా కారులో జోరు ఎక్కువుండే రకం ఆర్‌ఎస్. దాని పాత, కొత్త మోడళ్లను పోలుస్తూ నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాషకు వంక లేదు, అంకెలే గాడి తప్పాయి. పాత ఆర్‌ఎస్‌కి 180 హార్స్‌పవర్ అన్నావు. అది యూరప్ కారు. 2004లో మన దగ్గర అమ్మిన 1.8 లీటర్ల టర్బో ఇంజిన్‌కి 150, టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) 210 న్యూటన్ మీటర్లు. 2025లో వంద కార్లే తెచ్చిన 2 లీటర్లదానికి 265, 370. ఏ దేశానిదో, ఏ ఏటిదో తేల్చుకున్నాకే అంకె వెయ్యి.

1959 నాటి ఆక్టేవియాను ఒక్క పేరాతో సరిపెట్టు. 1,089 సీసీ, 40 హార్స్‌పవర్, లాగేది వెనక చక్రాలు. పికప్ పోలికలో దానికి చోటు లేదు.

పాత ఆర్‌ఎస్‌కి పికప్ లేదని తీర్పు చెప్పేశావే, అది కారు గుణమా, వయసు మహిమా? ఆ ఇంజిన్‌లో రబ్బరు వాక్యూమ్ గొట్టాలు వేడికి పగులుతాయి. గాలిని మళ్లించే డైవర్టర్ వాల్వ్ లోపలి పొర చిరిగితే టర్బో తోసిన గాలి వెనక్కే పోతుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి బద్ధకంగానే ఉంటుంది. ఇగ్నిషన్ కాయిల్ ఒకటి పోతే మిస్సింగ్. ఆయిల్ మార్చడం అశ్రద్ధ చేస్తే మడ్డి చేరి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లోని జాలీ మూసుకుంటుంది. ఆయిల్ ప్రెజర్ చాలక టర్బో దెబ్బతింటుంది. అందుకని ముందు ఇంజిన్ లోపాలు చదివే స్కానర్ పెట్టించి, గొట్టాలన్నీ చూపించు. టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్ ఎప్పుడు మార్చారో బిల్లు అడుగు. ప్లాస్టిక్ రెక్కల పంప్ ఇంకా అలాగే ఉంటే, ఆ రెక్కలు విరిగిన రోజున ఇంజిన్ హీటెక్కిపోతుంది.

టైరు మీద నాలుగంకెల కోడ్ కూడా చూడు. 1419 అంటే 2019లో 14వ వారం. రబ్బరు గట్టిపడ్డ టైర్లతో బ్రేకు కొట్టి "పాతది ఆగదు" అని రాయడం అన్యాయం. టైర్లు చల్లగా ఉన్నప్పుడే, పెట్రోలు మూత లోపలి స్టిక్కర్ ప్రకారం గాలి పట్టించు.

రెండు కార్లనీ ఒకే రోడ్డు మీద, ఒకే బరువుతో, ఏసీ వేసి నడుపు. రావులపాలెం హైవే మీద లారీని దాటాలంటే కావలసింది 50 నుంచి 80 కిలోమీటర్ల వేగానికి ఎంతసేపన్నది. పాతదాన్ని నాలుగో గేరులోనే ఉంచితే లెక్క తప్పుతుంది, ఎందుకంటే కొత్తదానిలో డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తనంతట తనే గేర్లు దించుకుంటుంది. పాతదాన్ని మూడులోనూ కొలువు. ఎదురుగాలి ఉంటుంది కాబట్టి రాను పోను కొలిచి సగటు తియ్యి. స్టాప్‌వాచ్ పక్కసీట్లో వాళ్లకివ్వు.

తర్వాత కాలువ గట్టు రోడ్డు. మన నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది, పైనున్న తారు అలలు తేలుతుంది. కొత్తదానికి 19 అంగుళాల చక్రాలు, 40 ప్రొఫైల్ టైర్లు, అంటే టైరు పక్క గోడ (సైడ్‌వాల్) ఎత్తు వెడల్పులో 40 శాతమే. గుంతలో ధడేల్మంటే సైడ్‌వాల్ లోపలి దారాలు తెగి బుడిపె లేస్తుంది, ఆ టైరు ఇక మార్చాల్సిందే. అమలాపురం పాఠకుడికి 6.4 సెకన్లలో వందన్న మాట కన్నా ఇది ఎక్కువ పనికొస్తుంది. నీ వ్యాసంలో దీని ఊసే లేదు.

తిరగరాసి పంపేటప్పుడు కొలతలు రాసుకున్న కాగితం ఫోటో కూడా జతచెయ్యి.

ఉంటాను.