ఎముకల బేరగాడిని యముణ్ణి చెయ్యకు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మృత్యువుతో పేకాడి ఆయుష్షు గెలుచుకున్న కాస్పర్ కథ, ఆ బ్రాండ్నర్ కాస్పర్ జర్మన్ సినిమాకు తెలుగు సబ్‌టైటిల్స్ రాయడానికి ఒప్పుకున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. ఫ్రాంజ్ ఫాన్ కోబెల్ అనే ఖనిజ శాస్త్రవేత్త 1871లో జర్మనీలోని బవేరియా యాసలో రాసిన చిన్న కథను కుర్ట్ విల్హెల్మ్ 1975లో నాటకంగా పెంచారు, 2008లో యోసెఫ్ ఫిల్స్‌మయర్ సినిమాగా తీశారు. నువ్వు పని మొదలుపెట్టే ముందు ఆ నాటకాన్ని ఒకసారి పైకి చదువుకో.

మృత్యువును అక్కడివాళ్లు బోండ్ల్‌క్రామర్ అంటారు, అంటే ఎముకల బేరగాడు. మ్యూనిక్‌లో ఉన్న రోజుల్లో మిత్రుల కోసం కొన్ని సీన్లు తెలుగు చేస్తూ, సులువుగా అర్థమవుతుందని నేను అతణ్ణి యముడని రాశాను. అది పెద్ద పొరపాటు. యముడనగానే మనవాళ్లకు కిరీటం, మహిషం, తీర్పు చెప్పే గొంతు మనసులో మెదులుతాయి. తెరమీద మిఖాయెల్ హెర్బిగ్ వేసినవాడు పైవాళ్లు చెప్పిన పని చేసుకుపోయే బక్కప్రాణి, ఒక గ్లాసు చెర్రీ సారాకు కరిగిపోయేవాడు. అతనికి బేరగాడి పేరే ఉంచు.

పేకాట సీను మీద ఎక్కువ రోజులు పెట్టు. కాస్పర్ ఆ చెర్రీ సారా పోసి, పేకలో మోసం చేసి, తొంభయ్యేళ్ల దాకా ఆయుష్షు గెలుచుకుంటాడు. కథలో మాటిమాటికీ వచ్చే గ్రాస్‌ఒబర్ ముక్కను ఇస్పేటు రాణి అని రాయాలనిపిస్తుంది, కానీ బవేరియా పేకలో రాణి లేదు. గ్రాస్ అంటే ఆకు గుర్తు. మగ బొమ్మ ఉన్న ముక్కలో ఆ గుర్తు పైభాగాన ఉంటే ఒబర్, కిందిభాగాన ఉంటే ఉంటర్. కెమెరా ముక్కను దగ్గరగా చూపితే ప్రేక్షకుడికి ఆ ఆకు కనిపిస్తుంది. కాబట్టి ‘ఆకు దొర’ అని రాయి, బొమ్మకూ మాటకూ పొత్తు కుదురుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది యాస. ఈ కథకు ప్రాణమంతా అక్కడే ఉంది: కొండకింది కాస్పరూ, మృత్యువూ, స్వర్గద్వారం కాచే పీటరూ అందరూ ఒకే ఊరి మాట మాట్లాడతారు. పీటర్ నోట గ్రాంథికం పెట్టావంటే స్వర్గం పరాయి దేశమైపోతుంది. ఒక గంటసేపు చూసిరావడానికి వెళ్లిన కాస్పర్ అక్కడే ఉండిపోవడానికి కారణం కనిపించదు. మన జిల్లాల యాసల్లో నీకు ఇంట్లో వినబడే ఒక్కదాన్నే ఎంచుకుని, భూమ్మీదా పైలోకంలోనూ దాన్నే నడుపు.

ముందుగా ఆ పేకాట సీను రాసి పంపించు, బొమ్మ ఆడిస్తూ చదివి నా అభిప్రాయం రాస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న