రాధిక జీవితం రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

నటి రాధిక మీద నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. కష్టపడి రాశావు, సమాచారం కూడా బాగానే పోగేశావు. కానీ ఇందులో ఆమె పని చేస్తూ కనిపించేది చాలా తక్కువ. కూతురిగా కనిపిస్తుంది, భార్యగా కనిపిస్తుంది, పెద్ద పెద్ద హీరోల పక్కన కనిపిస్తుంది. నలభై ఏళ్లకు పైగా కెమెరా ముందు నిలబడిన మనిషి గురించి రాస్తూ, ఆ నిలబడటాన్నే వదిలేస్తే ఎలా? ఈ ఉత్తరమంతా దాని గురించే.

ముందుగా ఆ మొదటి అధ్యాయం. తండ్రి, తమిళ నటుడు ఎం.ఆర్.రాధాతో మొదలుపెట్టావు. 1967 జనవరిలో ఆయన ఎం.జి.ఆర్. మీద కాల్పులు జరపడం, కోర్టు, జైలు. చదివేవాళ్లు పుస్తకం కింద పెట్టరు, నిజమే. నా భయం కూడా అదే. ఆ తుపాకీ మోత తర్వాత, నువ్వు అసలు చెప్పదలచుకున్న అమ్మాయి మాట ఎవరికీ వినపడదు. ఆ ఘట్టాన్ని తీసెయ్యమనను. ఆమె ఎవరో పాఠకులకు తెలిశాక, పుస్తకం మధ్యలో ఎక్కడో చెప్పు. అప్పుడది ఆమె మోసిన బరువుగా అర్థమవుతుంది.

మొదలు 1978లో పెట్టు. భారతిరాజా తీసిన 'కిళక్కే పోగుం రయిల్' ఆమె మొదటి సినిమా. పట్నం వెళ్లిపోయిన కుర్రాడు రైలు చివరి బోగీ వెనక రాతలు రాసి పంపుతుంటాడు. పల్లెలో ఉన్న అమ్మాయి పట్టాల పక్కన నిలబడి, రైలు దాటి పోయేలోగా అవి చదువుకోవాలి. ఆ సీను ఒకసారి కాదు, నాలుగైదుసార్లు చూడు. ఎదురుగా మాట కలిపే నటుడు లేడు, పట్టుకోవడానికి డైలాగు లేదు. దూరమైపోతున్న అక్షరాలు, వాటి వెంట వెళ్లే కళ్లు, అంతే. కెమెరా ముందుకు కొత్తగా వచ్చిన అమ్మాయికి ఇచ్చిన పని అది! దాని మీద ఒక పేజీ రాయగలిగితే పాఠకులు నీ వెంట వస్తారు. ఆ రాతలు పంపిన కుర్రాడు మన సుధాకరే. తర్వాత తెలుగులో కమెడియన్‌గా మనల్ని అంతగా నవ్వించిన సుధాకర్. మనవాళ్లలో చాలామందికి ఇది తెలియదు, తప్పకుండా చెప్పు. మరుసటి ఏడాదే బాపు ఆ కథను తెలుగులో 'తూర్పు వెళ్లే రైలు'గా తీశారు.

1981లో వచ్చిన 'న్యాయం కావాలి'కి నువ్వు ఒక్క వాక్యమే ఇచ్చావు. అందులోనూ హీరో చిరంజీవి అన్న సంగతే ఉంది. ఆ సినిమా నడిచేది రాధిక పాత్ర మీద. నమ్మి మోసపోయిన అమ్మాయి కడుపుతో ఉండి కూడా తలదించుకోకుండా కోర్టుకెక్కుతుంది. మూలం డి.కామేశ్వరి నవల 'కొత్త మలుపు'. ముందు నవల చదివి, తర్వాత సినిమా చూడు. కాగితం మీది మనిషిలో ఏది తెరమీదికి వచ్చింది, ఏది జారిపోయింది, నటి తన వంతుగా ఏం కలిపింది అన్నది నీ కళ్లతో నువ్వే తేల్చుకోవాలి.

'స్వాతిముత్యం' దగ్గర నువ్వూ అందరిలాగే కమల్‌హాసన్ గురించి రాసి ఊరుకున్నావు. ఆయన నటన గొప్పదే, కాదన్నదెవరు? కానీ సీతారామ కళ్యాణం జరుగుతుంటే శివయ్య వచ్చి లలిత మెడలో తాళి కట్టేసే ఘట్టం ఉంది చూశావా, అది సౌండ్ తీసేసి చూడు. ఆమె ముఖం మీదే కళ్లు పెట్టు. చిన్న వయసులో భర్త పోయి, బిడ్డతో అయినవాళ్ల పంచన బతుకుతున్న మనిషి. చుట్టూ ఊరంతా ఉంది. ఆయన చేసిన పని ఎంత పెద్దదో మనకు తెలిసేది ఆమె ముఖంలోనే. ఎదుటి నటుడి సీను నిలబెట్టడం కూడా నటనే. దాని గురించి రాసేవాళ్లు తక్కువ కాబట్టి నువ్వు రాయి.

ఇంకో జాగ్రత్త. డైలాగ్ చెప్పడంలో ఆమెకు సాటి లేదని రెండు చోట్ల రాశావు. ఏ సినిమాలో? అందులో గొంతు ఎవరిది? మన సినిమాల్లో తెర మీద ఒకరు, మైకు ముందు మరొకరు ఉండటం మామూలు విషయం. టైటిల్స్ చూడు, పాతవాళ్లను అడుగు, తేలకపోతే ఆ పొగడ్త తీసెయ్. వేరేవాళ్లు చెప్పారని తేలితే ఆ డబ్బింగ్ ఆర్టిస్టు పేరు రాయి. వాళ్ల కష్టం ఇన్నాళ్లూ ఎవరి ఖాతాలోనో పడుతూనే ఉంది.

ఇక నాకు బాగా కోపం వచ్చిన చోటు. సీరియళ్లన్నీ కలిపి అర పేజీలో ముగించావు! 1999 చివర్లో సన్ టీవీలో 'చిత్తి' మొదలైంది. అదే మనకు 'పిన్ని'గా జెమినీలో వచ్చింది. ఆ తర్వాత 'అణ్ణామలై', 'సెల్వి', 'అరసి', 'చెల్లమే', 2013 నుంచి 2018 దాకా 'వాణి రాణి'. సినిమా హీరోయిన్‌గా ఆమె వెలిగిన కాలం కన్నా ఇది ఎక్కువ. నీకు సీరియళ్లంటే చిన్నచూపు ఉందేమో నాకు తెలియదు. ఉంటే మాత్రం ఈ పుస్తకం పక్కన పెట్టి వేరే పని చూసుకో.

ఒక డైలీ సీరియల్ సెట్‌కి వెళ్లి పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చుని రా. సీను పేపరు అప్పటికప్పుడు చేతికొస్తుంది. పక్కన ఒకరు ప్రాంప్టింగ్ చెబుతుంటారు. అదే హాలు సెట్లో మూడు ఎపిసోడ్ల సీన్లు ఒకేసారి లాగించేస్తారు. ఒక సీన్లో ఏడ్చి కళ్లు తుడుచుకోగానే, చీర మార్చుకుని, కథలో నాలుగు రోజుల వెనక్కి వెళ్లి నవ్వాలి. రీటేకులకు టైముండదు. ఇక 'వాణి రాణి'లో ఆమెది డబుల్ రోల్. లాయరు వాణి, ఇంటిపట్టున ఉండే రాణి. డబుల్ రోల్ అంటే ఎదురుగా డూప్‌ని నిలబెట్టుకుని, లేని మనిషి కళ్లలోకి చూస్తూ మాట్లాడటం. సినిమాలో అయితే కొన్ని వారాల పని. ఇక్కడ ఐదేళ్లు. వాణి ఎలా నడుస్తుంది, రాణి కొంగు ఎలా పట్టుకుంటుంది, కోపం వస్తే ఎవరి గొంతు ఎలా మారుతుంది? నోట్‌బుక్ పెట్టుకుని చూస్తేనే దొరుకుతుంది.

నిర్మాతగా ఆమె సంగతి అసలు ముట్టుకోనే లేదు నువ్వు. 1985లోనే 'మీండుం ఒరు కాదల్ కథై' నిర్మించింది. ఆ సినిమాతోనే ప్రతాప్ పోతన్‌కు తొలి చిత్ర దర్శకుడిగా జాతీయ అవార్డు వచ్చింది. తర్వాత సీరియళ్లు తీసే రాడాన్ మీడియావర్క్స్ అనే సంస్థ పెట్టి స్టాక్ ఎక్స్‌ఛేంజ్ దాకా తీసుకెళ్లింది. లిస్టెడ్ కంపెనీ కాబట్టి వార్షిక నివేదికలు ఎవరైనా చదవొచ్చు. పాత సినిమా పత్రికల గాసిప్ కాలమ్స్ తిరగేయడానికి పెట్టిన టైములో సగం వాటికి పెట్టు. ఏ ఏడు లాభం, ఏ ఏడు నష్టం, ఎన్ని సీరియళ్లు నడిచాయి, అన్నీ అంకెల్లో ఉంటాయి. అంకెలంటే టెన్షన్ పడకు, అర్థం కాకపోతే తెలిసిన ఆడిటర్‌ని పక్కన కూర్చోబెట్టుకో.

పెళ్లిళ్ల గురించి మూడు పేజీలు ఎందుకు? 2001లో శరత్‌కుమార్‌తో పెళ్లయిందని ఒక వాక్యం, అంతకుముందు సంగతులకు ఇంకో రెండు వాక్యాలు చాలు. హీరోల జీవితకథలకు పెళ్లిళ్లను బట్టి అధ్యాయాలు విడగొడతామా? రాజకీయాలూ అంతే. 2024లో విరుదునగర్ నుంచి బీజేపీ తరఫున లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయింది. ఆ మాట చెప్పి ముందుకెళ్లు.

ఇంకొకటి. మీ అమ్మగారిని, మీ వీధిలో ఆ వయసు ఆడవాళ్లను కూర్చోబెట్టి 'పిన్ని' రోజుల గురించి అడిగి రికార్డ్ చేసుకో. ఏ పని ముగించుకుని టీవీ ముందుకొచ్చేవారు, ఎవరింట్లో చూసేవారు, కరెంటు పోతే మర్నాడు కథ ఎవరు చెప్పేవారు? ఇవి ఏ పత్రికలోనూ దొరకవు. వాళ్లు మర్చిపోయాక ఎవరూ చెప్పలేరు కూడా.

రాధికతోనే మాట్లాడే అవకాశం వస్తే, మీ అభిమాన నటుడెవరని అడిగి ఆ గంట పాడుచేయకు. ఐదేళ్లు ఇద్దరు మనుషులుగా బతికినప్పుడు, పొద్దున్నే మేకప్ వేసుకుంటూ ఈరోజు ముందు ఎవరి సీన్లు తీయాలని ఎలా నిర్ణయించేవారో అడుగు. నటిగా అలిసిపోయి ఉన్నప్పుడు, నిర్మాతగా షూటింగ్ ఆపాలా వద్దా అన్నది ఎలా తేల్చుకునేవారో అడుగు. తర్వాత ఆమె చెప్పేది అడ్డుపడకుండా విను.

ముందు సీరియళ్ల అధ్యాయం తిరగరాసి పంపు. సినిమాల సంగతి అది చదివాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో.