డాక్టర్ హూలో డాక్టర్ ముఖం ఎందుకు మారుతూ ఉంటుంది?

ప్రధాన నటుడు తప్పుకున్నా సీరియల్ ఆగకుండా ఉండేందుకు బీబీసీ బృందం 1966లో కనిపెట్టిన ఉపాయం ఇది. 1963 నవంబర్ 23న మొదలైన ఈ సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్‌లో కథానాయకుడి పేరే 'డాక్టర్'; ఆ పాత్రలో తొలి నటుడు విలియం హార్ట్‌నెల్. మూడేళ్లకు ఆయన ఆరోగ్యం క్షీణించింది, డైలాగులు గుర్తుంచుకోవడమే కష్టమైంది. డాక్టర్ వేరే గ్రహంవాడు కాబట్టి, పాత ఒంటి స్థానంలో కొత్త ఒళ్లు వస్తుందంటే కథలో నప్పింది. 'ద టెన్త్ ప్లానెట్' అనే కథ చివర్లో హార్ట్‌నెల్ కుప్పకూలి పాట్రిక్ ట్రౌటన్‌గా మారాడు. ట్రౌటన్ పాత నటుణ్ణి అనుకరించలేదు. కటువైన ముసలాయన పోయి, పిల్లనగ్రోవి ఊదే చిలిపి మనిషి వచ్చాడు. పద్ధతి నిలబడిందంటే ఆ ధైర్యం వల్లే.

ఇదంతా మొదటి రోజే అనుకున్న పథకమని చాలామంది నమ్ముతారు, అది నిజం కాదు. ఈ ఒళ్లు మారడానికి 'రీజెనరేషన్' అన్న మాట వినిపించిందే 1974లో, మూడో డాక్టర్ జాన్ పెర్ట్‌వీ నాలుగో డాక్టర్ టామ్ బేకర్‌గా మారినప్పుడు. పన్నెండు సార్లే మారగలడన్న హద్దు 1976లో పెట్టారు. ప్రతి డాక్టరూ వేరే వ్యక్తి అనుకోవడమూ పొరపాటే: మారేవి రూపం, స్వభావం; జ్ఞాపకాలు మాత్రం అవే.